చేరితే చాలదు... పట్టా చేతికి రావాలి!

*దేశం 2035కి ఓ లక్ష్యం పెట్టుకుంది. కాలేజీ వయసున్న ప్రతి వందమందికీ యాభైమంది ఉన్నతవిద్యలో ఉండాలన్నది దాని సారాంశం. లక్ష్యం గొప్పదే. మరి విశాఖ మన్యంలోని హుకుంపేట లాంటి చోట ఆ యాభైమందిలో ఎందరుంటారు? చేరినవాళ్లలో చివరిదాకా నిలిచేదెందరు? రాజధానిలో రాసుకునే లక్ష్యాలు కొండమీది నుంచి చూస్తే ఎలా కనిపిస్తాయి?*

కొండమీద ఓ చిన్న ఊరు. పాడేరు నుంచి అరకులోయ వెళ్లే దారిలో హుకుంపేట దగ్గర దిగి, లోపలికి వెళితే వస్తుంది. ఆ ఊళ్లో ఓ అమ్మాయి ఇంటర్‌ పాసైందనుకోండి. ఇంట్లో ఆమె కంటే ముందు ఇంటర్‌ దాకా వచ్చినవాళ్లు లేరు. నాన్నకి కాఫీ మొక్కలూ వాటి నీడకోసం పెంచిన చెట్లూ, ఆ చెట్లని అల్లుకున్న మిరియాల తీగలూ లోకం. అమ్మ పసుపూ రాజ్‌మా సంతకి మోసుకెళ్లి అమ్ముతుంది. ఆశ్రమ పాఠశాల వార్డెను, సైన్సు మాస్టారూ 'డిగ్రీ చదివించండి' అన్నారు. అమ్మానాన్నలూ సరేనన్నారు.

ఇక ఆమె కాలేజీకి వెళ్లడమే తరువాయి... అనుకుంటాం. అసలు కథ అక్కడే మొదలవుతుంది.

డిగ్రీలో సీటు కావాలంటే దరఖాస్తు ఆన్‌లైన్లో పెట్టాలి. 2020 నుంచీ రాష్ట్రంలో డిగ్రీ ప్రవేశాలు అలాగే జరుగుతున్నాయి. పట్నంలో అది పది నిమిషాల పని. ఇక్కడ ముందు సిగ్నలు దొరికే గట్టు వెతుక్కోవాలి, లేదా మండల కేంద్రానికి దిగి రావాలి. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, టీసీ, ఆధార్‌... అన్నీ ఉండాలి. ఆధార్‌లో పేరు ఒకలా, పదో తరగతి మార్కుల జాబితాలో ఇంకోలా ఉంటే మళ్లీ తిరుగుడే. ఒక్కో తిరుగుడికీ ఓ రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ అదనం. ఇదంతా దాటి సీటొచ్చాక హాస్టల్లో చోటు దొరకాలి. దొరికాక... తరగతి గదిలో చెప్పే పాఠం అర్థం కావాలి!

ఇన్ని మెట్లలో ఏ ఒక్కచోట కాలు జారినా ఆమె ఇంటికి తిరిగొచ్చేస్తుంది. చిత్రమేంటంటే, ఆమె కాలేజీలో పేరు నమోదు చేసుకున్న సంవత్సరం ప్రభుత్వ లెక్కల్లో ఓ విజయంగా నమోదవుతుంది. మధ్యలో మానేసిన సంగతి ఆ అంకెలో అంత స్పష్టంగా కనిపించదు.

అంకె చెప్పేది... చెప్పనిది!

ఉన్నతవిద్య ఎలా ఉందో చెప్పడానికి అందరూ వాడే కొలత ఒకటుంది. దాన్ని స్థూల నమోదు నిష్పత్తి అంటారు. పద్దెనిమిది నుంచి ఇరవైమూడేళ్ల వయసు జనాభాతో పోలిస్తే నూటికి ఎందరు కాలేజీల్లో ఉన్నారన్నదే ఆ లెక్క. కేంద్రం ఏటా చేయించే అఖిల భారత ఉన్నతవిద్యా సర్వే 2021-22 నివేదిక ప్రకారం దేశం మొత్తంమీద అది 28.4. ఆంధ్రప్రదేశ్‌లో 36.5, తెలంగాణలో 40, తమిళనాడులో 47. జాతీయ సగటు కంటే మనం ముందున్నాం. సంతోషించాల్సిందే.

అదే నివేదికలో ఇంకో అంకె ఉంది. దేశంలోని గిరిజన విద్యార్థుల విషయానికొస్తే ఆ నిష్పత్తి 21.2 మాత్రమే. 2014-15లో అది 13.5 ఉండేది. అంటే ఏడేళ్లలో గట్టిగానే పెరిగింది. అయినా మొత్తం సగటుతో పోలిస్తే ఏడు పాయింట్ల దూరం మిగిలే ఉంది.

సగటుతో వచ్చే చిక్కు ఇదే. విశాఖలోనూ విజయవాడలోనూ మరో పదివేలమంది కాలేజీలో చేరితే రాష్ట్రం అంకె పెరుగుతుంది. హుకుంపేటలో ఒక్కరు కూడా కొత్తగా చేరకపోయినా సరే, లక్ష్యం నెరవేరినట్టే లెక్క! మోకాలి లోతు సగటున్న ఏట్లోనూ మనిషి మునిగిపోగలడు కదా... ఇదీ అంతే.

2020లో వచ్చిన జాతీయ విద్యావిధానం 2018లో 26.3గా ఉన్న ఈ నిష్పత్తిని 2035కల్లా యాభైకి తీసుకెళ్లాలంది. వృత్తివిద్యనీ అందులో కలిపింది. మధ్యలో చదువు ఆపేవాళ్లు ఖాళీ చేతులతో పోకుండా మరో వెసులుబాటూ ఇచ్చింది. ఏడాదికి సర్టిఫికెట్‌, రెండేళ్లకి డిప్లొమా, మూడేళ్లకి డిగ్రీ, నాలుగేళ్లకి ఆనర్స్‌. తిరిగొచ్చి చదువు కొనసాగించాలనుకునేవారికి ఇది వరం. కానీ ఓ ప్రమాదమూ పొంచి ఉంది. హాస్టల్లో చోటు లేకో, ఇంగ్లిషు పాఠం తలకెక్కకో ఇంటికెళ్లిపోయిన అమ్మాయి చేతిలో ఏడాది సర్టిఫికెట్‌ పెట్టి 'ఆమె తనకి నచ్చినప్పుడు చదువు ముగించింది' అని రాసుకుంటే..? ఓటమిని కూడా విజయం ఖాతాలో వేసినట్టవుతుంది.

కొండ కింద నూరేళ్లు

ఉన్నతవిద్యలో తెలుగువారికి లక్ష్యాలు కొత్త కాదు. తెలుగు ప్రాంతానికంటూ ఓ విశ్వవిద్యాలయం ఉండాలన్న కోరిక నుంచే 1926లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు పుట్టింది. కట్టమంచి రామలింగారెడ్డి మొదటి ఉపాధ్యక్షుడు. ఆ తరవాత 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్‌ ఆ బాధ్యత తీసుకున్నారు. 2023లో న్యాక్‌ ఆ విశ్వవిద్యాలయానికి 3.74 స్కోరుతో ఎ++ గ్రేడు ఇచ్చింది. ఉన్నతవిద్యకి దారి చూపాల్సిన రాష్ట్ర ఉన్నత విద్యామండలి 1988లో ఏర్పడింది.

విశాఖ సముద్రపు ఒడ్డున అంతటి విశ్వవిద్యాలయం ఉంటే, ఘాట్‌ రోడ్డెక్కాక దృశ్యం మారిపోతుంది. పాత విశాఖ జిల్లాలోని ఏజెన్సీలో మండలాలు పదకొండు. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు ఇవన్నీ అందులోకి వచ్చాయి. పాడేరులో, అరకులోయలో, చింతపల్లిలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలున్నాయి. హుకుంపేట పిల్లలు డిగ్రీకి అటు పాడేరైనా వెళ్లాలి, ఇటు అరకులోయైనా వెళ్లాలి. ప్రధాన రహదారి పక్కనున్న ఊళ్లకి అది బస్సు ప్రయాణం. లోపలి ఊళ్లవాళ్లు మాత్రం బస్సెక్కాలంటే ముందు కొండ దిగాలి. వానాకాలంలో గెడ్డ పొంగితే ఆ రోజు కాలేజీ లేనట్టే.

కొత్త సంస్థలు రాలేదని కాదు. 2014 విభజన చట్టంలో మాటిచ్చిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2019లో విజయనగరం దగ్గర తాత్కాలిక గూటిలో మొదలైంది. సొంత ప్రాంగణానికి 2023 ఆగస్టులో అదే జిల్లాలోని మెంటాడ, దత్తిరాజేరు మండలాల్లో శంకుస్థాపన చేశారు. పాడేరు ప్రభుత్వ వైద్య కళాశాలకి 2024లో యాభై ఎంబీబీఎస్‌ సీట్లకి అనుమతి వచ్చింది. ఒకప్పుడు జ్వరమొస్తే డోలీ కట్టి మోసుకొచ్చిన కొండల్లో వైద్య కళాశాల... చిన్న సంగతేం కాదు.

అయితే భవనం కట్టినంత తేలిక కాదు, పాఠం చెప్పేవారిని నియమించడం. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న మూడువేలకు పైగా అధ్యాపక పోస్టుల భర్తీకి 2023లో ప్రకటనలు ఇచ్చారు. వివాదాలు కోర్టుకెక్కి ఆ ప్రక్రియ నిలిచిపోయింది. పెద్ద విశ్వవిద్యాలయాల పరిస్థితే అదైతే, బదిలీ మీద కొండెక్కాలంటేనే చాలామంది వెనకాడే ఏజెన్సీ కాలేజీల సంగతి చెప్పేదేముంది!

ఇంట్లో ఒక భాష... బడిలో రెండోది... కాలేజీలో మూడోది!

హుకుంపేట సంతలో కాసేపు నిలబడితే చాలు, ఎన్ని మాటలు వినిపిస్తాయో! కొండల్లో బగత, కొండదొర, కోటియా, వాల్మీకి, ఖోండు, పోర్జ, గదబ... ఇలా ఎన్నో తెగలు. ఆదివాసీ ఒడియా, కువి, కొండ లాంటి భాషలు ఇళ్లలో మాట్లాడుకుంటారు. ఆ పిల్లలకి తెలుగే రెండో భాష. ఈ సంగతి గుర్తించే 2004లో అప్పటి ఉమ్మడి రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతుల పిల్లలకి మాతృభాషలో చదువు మొదలుపెట్టే కార్యక్రమం చేపట్టింది. దేశంలోనే ముందడుగుల్లో అదొకటి.

ప్రాథమిక బడిలో వేసిన ఆ నిచ్చెన కాలేజీకి వచ్చేసరికి కనిపించదు. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ కోర్సుల్ని ఇంగ్లిషు మాధ్యమంలోకి మార్చాలన్నది నిర్ణయం. ఉద్యోగాలకి ఇంగ్లిషు కావాలన్న వాదనని కాదనలేం. గిరిజన తల్లిదండ్రులూ తమ పిల్లలకి అదే కోరుకుంటారు. కానీ ఒడియా మాట్లాడే ఇంట్లో పుట్టి, తెలుగులో ఇంటర్‌ దాకా వచ్చిన పిల్ల, మొదటి సెమిస్టర్లోనే ఇంగ్లిషులో రసాయనశాస్త్రం రాయాలంటే? ఆ పిల్లలో తెలివికి లోటు లేదు, మధ్యలో వంతెనే లేదు. మొదటి ఏడాది తప్పిన సబ్జెక్టుల్లో ఎన్ని పాఠం రాక తప్పినవో, ఎన్ని భాష రాక తప్పినవో వేరుచేసి చూస్తే తప్ప అసలు రోగం దొరకదు.

ఇంటర్‌ చాలన్న రోజులు పోయాయి

ఇంతకీ డిగ్రీ గురించి ఇంత పట్టుదల ఎందుకు? దానికో బలమైన కారణముంది.

మన్యంలో చదువుకున్న ప్రతి ఇంటా ఒకప్పుడు వినిపించిన పేరు... జీవో నంబరు 3. షెడ్యూల్డ్‌ ప్రాంతాల్లోని బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలంటూ 2000 జనవరి 10న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు అది. ఇంటర్‌ తరవాత ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేస్తే సొంత కొండలోనే ఉద్యోగం వస్తుందన్న భరోసా దాంతో ఏర్పడింది. పక్కింటి అక్కో అన్నో టీచరు కావడం చూసి బడికి వెళ్లిన పిల్లలెందరో!

2020 ఏప్రిల్‌ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్‌ రాజ్యాంగబద్ధం కాదంది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవారిని కొన్ని షరతులతో కదిలించలేదు. దాన్ని ఏదో ఒక రూపంలో తిరిగి తేవాలన్న డిమాండు మన్యంలో ఆ తరవాత కూడా ఆగలేదు. ఆ వాదప్రతివాదాలు ఎలా ఉన్నా ఒకటి మాత్రం నిజం. సొంత కొండలో కొలువు ఖాయమన్న ధీమా పోయింది. ఇక మైదాన ప్రాంతం పిల్లలతో సమానంగా పోటీపడాలి. అందుకు డిగ్రీ కావాలి, అదీ సత్తువున్న డిగ్రీ. అంటే కొండ పిల్లలకి ఉన్నతవిద్య అవసరం ఎప్పటికన్నా ఎక్కువైన సమయమిది. ఇప్పుడు కాలేజీ మెట్టు మీద జారిపడితే ఓ తరం వెనక్కి వెళ్లిపోతుంది.

పట్టుబట్టి సాధించినవి

లక్ష్యాన్ని సరిగ్గా గురిపెడితే ఫలితం ఎలా ఉంటుందో చెప్పడానికి మన దగ్గరే ఉదాహరణలున్నాయి.

పల్లెల్లోని పేద పిల్లల్లో చురుకైనవారిని వెతికి, తిండీ బసా చదువూ ఒక్కచోటే ఇవ్వాలన్న ఆలోచనతో 1971లో, పి.వి.నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. మర్నాటి ఏడే తాడికొండ, కొడిగెనహళ్లి వచ్చాయి. గురుకులమన్న మాట తెలుగునాట ఇంటింటికీ తెలిసింది అలాగే.

1982లో హైదరాబాద్‌లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. కాలేజీకి వెళ్లలేనివారి దగ్గరకే కాలేజీ వెళ్లాలన్నది దాని లక్ష్యం. ఇవాళ అది డాక్టర్‌ బి.ఆర్‌.అంబేడ్కర్‌ పేరుతో ఉంది. 2008లో వచ్చిన ట్రిపుల్‌ ఐటీలు పదో తరగతి కాగానే పల్లె పిల్లల్ని తీసుకుని ఆరేళ్లు చదివించాయి. ప్రభుత్వ బడి పిల్లల గ్రేడుకి 0.4 కలిపి మరీ సీట్లిచ్చాయి. వెనక నిలబడి పరుగు మొదలెట్టిన పిల్లల్ని ఆ మేరకు ముందుకి జరిపారన్నమాట. తెలంగాణ 2016 నుంచి సాంఘిక, గిరిజన సంక్షేమ గురుకుల డిగ్రీ కాలేజీల్ని తెరిచి, ఇంటర్‌తో ఆగిపోయే గురుకుల చదువుని డిగ్రీకి పొడిగించింది.

తమిళనాడు ఇంకో దారి పట్టింది. ఆరు నుంచి ఇంటర్‌ దాకా ప్రభుత్వ బడిలో చదివిన అమ్మాయి కాలేజీలో చేరితే, చదువు పూర్తయ్యేదాకా నెలనెలా వెయ్యి రూపాయలు ఆమె ఖాతాలోనే వేసే 'పుదుమై పెణ్‌' పథకాన్ని 2022 సెప్టెంబరు 5న మొదలెట్టింది. 2024లో అబ్బాయిలకీ అలాంటిదే తెచ్చింది. ఇందులో గమనించాల్సింది వెయ్యి రూపాయల్ని కాదు, 'పూర్తయ్యేదాకా' అన్న మాటని. మన రాష్ట్రంలోనూ 2008లో ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చింది. 2020లో డిగ్రీ విద్యార్థులకి బస, భోజనం ఖర్చుకి ఏడాదికి ఇరవైవేల రూపాయలిచ్చే పథకం వచ్చింది. 2024 తరవాత పేర్లూ పద్ధతులూ మారాయి. ప్రభుత్వం ఏదైనా బకాయిల వార్తలు మాత్రం తప్పడం లేదు. డిగ్రీకి మూడేళ్లు కావాలి. చేరిన రోజు ఇచ్చిన మాట చివరి పరీక్ష దాకా నిలబడుతుందన్న నమ్మకం ఆ ఇంటికి ఉండాలి.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 1960లోనే ఉన్నతవిద్యకి ఓ మహా ప్రణాళిక రాసుకుంది. పాఠశాల విద్య పూర్తిచేసినవారిలో పై ఎనిమిదో వంతు మందికి పరిశోధనకి పేరుపడ్డ విశ్వవిద్యాలయం, పై మూడో వంతుకి రాష్ట్ర కళాశాలలు, మిగతా అందరికీ ఊరి దగ్గర కమ్యూనిటీ కాలేజీ. అక్కడ బాగా చదివితే పై సంస్థల్లోకి మారే దారి. ఏ సంస్థ ఎవరికోసమో తేల్చి చెప్పడం దాని గొప్పతనం. టెన్నెసీ రాష్ట్రం 2010లో చట్టం చేసి, కాలేజీలకిచ్చే ప్రభుత్వ నిధుల్ని చేరినవారి సంఖ్య నుంచి తప్పించి, చదువులో ముందుకెళ్లినవారి, పూర్తిచేసినవారి లెక్కకి ముడిపెట్టింది. పేదింటి విద్యార్థి పూర్తిచేస్తే కాలేజీకి అదనపు విలువ కట్టింది. 2013లో ఓ లక్ష్యమూ ప్రకటించింది. 2025కల్లా పెద్దవాళ్లలో 55 శాతం చేతిలో పట్టా లేదా సర్టిఫికెట్‌ ఉండాలని. గమనించారా... అక్కడ లెక్క తరగతిలో ఉన్న తలలది కాదు, చేతిలో ఉన్న పట్టాలది!

హుకుంపేట నుంచి రాస్తే...

రాష్ట్రం ఉన్నతవిద్య లక్ష్యాల్ని కొండమీద కూర్చుని రాస్తే అవెలా ఉంటాయి?

* పూర్తిచేసినవారిని లెక్కపెట్టాలి: మండలాలవారీగా ఈ ఏడాది ఇంటర్‌ పాసైనవారెందరు, డిగ్రీలో చేరిందెందరు, రెండో ఏడాదికి వెళ్లిందెందరు, పట్టా తీసుకుందెందరు... ఈ నాలుగు అంకెల్నీ ఏటా ప్రకటించాలి. ఎక్కడ జారిపోతున్నారో అప్పుడే తెలుస్తుంది.

* సీటుతోపాటే మంచం: కొండ ఊరి పిల్లకి హాస్టల్లో చోటు లేని కాలేజీ సీటు కాగితం మీది సీటే. ముఖ్యంగా అమ్మాయిలకి ఈ రెండూ ఒకే రోజు, ఒకే చోట ఖాయం కావాలి.

* ఖాళీలకి గడువు: ఏజెన్సీ కాలేజీల్లో అధ్యాపక పోస్టు ఖాళీ అయితే ఇన్ని నెలల్లో నింపాలన్న నియమం ఉండాలి. కొండమీద పనిచేసినవారికి నివాసం, అదనపు భత్యం, తరవాతి బదిలీలో ప్రాధాన్యం లాంటి ఊతమివ్వాలి.

* భాషకి వంతెన: మొదటి సెమిస్టరుకి ముందు కొన్ని వారాలు ఇంగ్లిషు, సబ్జెక్టు పదాలు నేర్పే తరగతులు నడపాలి. రెండు భాషల్లో పుస్తకాలుండాలి. ఆదివాసీ భాష తెలిసిన సీనియర్లని తోడివ్వాలి.

* కొండకి పనికొచ్చే చదువు: 2020లో రాష్ట్రం డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ పెట్టింది. కంపెనీల్లేని కొండల్లో అదెక్కడ చేస్తారు? చింతపల్లిలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. ఆర్వీ నగర్‌లో కాఫీ పరిశోధన కేంద్రం ఉంది. 1956 నుంచి అటవీ ఉత్పత్తులు కొంటున్న గిరిజన సహకార సంస్థ ఉంది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ ఉంది. పర్యటకం ఉంది. వాటితో కాలేజీల్ని కలిపితే ఇంటి ముందరి కాఫీ తోటే ప్రయోగశాల అవుతుంది.

వీటిలో ఆకాశంలోంచి ఊడిపడాల్సిందేమీ లేదు. ముక్కలు ముక్కలుగా ఇక్కడో అక్కడో జరిగినవే. అన్నిటినీ ఒకే పిల్ల కోసం, ఒకేసారి చేయడమే మిగిలింది.

ఇంట్లో డిగ్రీకి వెళ్లే పిల్లలుంటే...

ఇంటర్‌ ఫలితాలు రాకముందే కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు తీసుకుని పెట్టుకోవాలి. ఆధార్‌, మార్కుల జాబితా, బ్యాంకు ఖాతా... మూడింటిలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఆన్‌లైన్లో కాలేజీల్ని ఎంచుకునేటప్పుడు ఆ కాలేజీకి హాస్టలు ఎంత దూరమో, కోరుకున్న సబ్జెక్టుకి అధ్యాపకులున్నారో లేదో అక్కడ చదువుతున్నవారిని అడగాలి. మొదటి సెమిస్టర్లో ఒకటి రెండు సబ్జెక్టులు తప్పినంత మాత్రాన చదువు మాన్పించొద్దు. చాలామంది ఆ తరవాతే నిలదొక్కుకుంటారు.

మొదట్లో అనుకున్న ఆ అమ్మాయి దగ్గరికి మళ్లీ వెళదాం. మూడేళ్ల తరవాత ఓ సంత రోజు. అమ్మ పసుపు గంప దించుకుంటోంది. బస్సు దిగిన కూతురి చేతిలో ఓ కాగితం. అమ్మకి అది చదవడం రాదు. అయినా రెండు చేతులతో పట్టుకుని చూస్తుంది. రాష్ట్రం పెట్టుకునే ఏ లక్ష్యమైనా ఆ కాగితం దాకా వస్తేనే... నెరవేరినట్టు!